దారిలో నిండిన సారె

మొన్న విజయనగరంలో ఒక పెళ్ళి చూసుకుని, మా చెల్లెలి కొడుకు కారులో శ్రీకాకుళం వచ్చాను. గంటంపావులో వచ్చేశాం. దారిలో ఎక్కడైనా ఆగుదామని మూడుసార్లు అడిగాను. మొదటిసారి "ముందు మంచి హోటలుంది పెద్దమ్మా" అన్నాడు. రెండోసారి "ఇక్కడ బండి పెట్టడానికి చోటుండదు" అన్నాడు. మూడోసారి వినిపించుకోనట్టు పాట సౌండు పెంచాడు. ఇంటిముందు కారాపి, టైము చూసుకుని, "చూశావా, ఎక్కడా ఆగకుండా తెచ్చేశాను" అని గొప్పగా చెప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళన్నీ వంతెనల కింద ఉండిపోయాయి. పచ్చ బోర్డు మీద పేరు కూడబలుక్కునేలోగా ఊరు అయిపోయేది. ఇంచుమించు ఇదే దూరం నా తొమ్మిదో ఏట ఎడ్లబండి మీద నాలుగు రోజులు ప్రయాణం చేశాను. ఆ నాలుగు రోజుల్లో ఏం తిన్నానో, ఎవరెవరిని చూశానో, ఏ పాపం చేశానో ఇప్పటికీ వరసగా అప్పజెప్పగలను. ఈ గంటంపావులో ఏం చూశానంటే, ముందు వెళ్తున్న లారీ వెనకభాగం చూశాను.

ఆ బండి ప్రయాణం మా పైడమ్మ పిన్నిని పుట్టింటి నుంచి తిరిగి తీసుకొచ్చినప్పటిది. పిన్ని ఇప్పుడు శ్రీకాకుళంలో కూతురి దగ్గర ఉంటోంది. కారు దిగిన మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూశాను. ఆవిడ ఏమందో చివర చెబుతాను, ముందు చెబితే ఎవరికీ అర్థం కాదు.

మా ఊరు శ్రీకూర్మానికీ సముద్రానికీ మధ్య ఉంటుంది. ఒకవైపు నుంచి గాలి వీస్తే ఎండుచేపల వాసన, ఇంకోవైపు నుంచి వీస్తే మడుగుల్లో ఊరవేసిన గోగుకట్టల కుళ్ళు వాసన. పై ఊరివాళ్ళు ముక్కు మూసుకునేవారు గాని, మాకు ఆ రెండూ కలిస్తేనే ఇల్లు. ఇంట్లో పెత్తనమంతా మా మామ్మది, అంటే మా నాన్న తల్లిది. చీకటితోనే లేచి, బూడిదతో పళ్ళు తోముకుని, రాగిపిండితో కాచిన చోడి అంబలి తాగి, చుట్ట వెలిగించి నిప్పు కొసని నోట్లో పెట్టుకునేది. మా వైపు ఆడవాళ్ళకి ఆ అడ్డపొగ అలవాటే. నిప్పు నోట్లో ఉండగానే కోడళ్ళకి పనులు పురమాయించేది, కోళ్ళని తిట్టేది, దేవుడికి దండం పెట్టేది. చుట్ట నోట్లోంచి తీసిందంటే మాత్రం ఎవరికో మూడిందన్నమాటే.

పిన్నికి పెళ్ళయిన రెండో ఏడు ఒకసారి అలా తీసింది. సారె ఎక్కడైనా ఉంటుంది గాని, మా ఊళ్ళో దాని పట్టింపు ఇంతా అంతా కాదు. కోడలు పుట్టింటి నుంచి వచ్చిందంటే అరిసెలో, చలిమిడో, జంతికలో బుట్టనిండా రావాలి, వాటిని ఇంటింటికీ పంచాలి. ఎవరింటికి ఎన్ని వచ్చాయో ఏడాది పొడుగునా నూతి దగ్గర చెప్పుకునేవారు. పిన్నికి తల్లి లేదు. వదినగారి చేతిమీద వచ్చిన బుట్ట చిన్నది. పంచుకుంటూ పోతే ఏడో ఇంటి దగ్గర అయిపోయింది. వీధిలో ఇంకా సగం పైగా ఇళ్ళు మిగిలే ఉన్నాయి. మామ్మ అరుగు మీద నిలబడి, చుట్ట తీసి, వీధి వీధంతా వినేలాగ అంది.

"ఏడిళ్ళ సారె తెచ్చినాది నా కోడలు. ఎనిమిదో ఇంటోలికి నా మొకం ఎలగ సూపించాల?"

మా చిన్నాన్న కూర్మారావు, అంటే పిన్ని భర్త, అప్పుడు అదే అరుగు మీద కూర్చుని గోగునారతో పలుపు పేనుతున్నాడు. చాలా పొడుగు మనిషి, అరచేతులు చేటలంత ఉండేవి. మాట్లాడితే పన్ను కట్టాలన్నట్టు ఉండేవాడు. తల్లి అలా అంటే తలెత్తలేదు, పేనడం ఆపలేదు. పిన్ని అత్తగారి వైపు చూడలేదు, మొగుడి వైపే చూసింది. చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ నెల్లోనే అన్నని చూసొస్తానని వెళ్ళి పదకొండు నెలలు రాలేదు. ఊళ్ళో ఆవిడకి ఏడిళ్ళ కోడలు అని పేరు పడిపోయింది. ఇంట్లో ఎవరూ ఆవిడ పేరెత్తేవారు కాదు. నాకు జడ వేసేది, నా అన్నంలో వెన్న దాచిపెట్టేది ఆవిడే గనక ఆ పదకొండు నెలలూ అందరికంటే నేనే ఎక్కువ నష్టపోయానని అనుకునేదాన్ని.

కార్తీకమాసం వెళ్ళే రోజుల్లో చిన్నాన్న గోగునార బండికెత్తి విజయనగరం బయల్దేరాడు. మామ్మ నన్ను తీసుకొచ్చి బండి మీద కూలేసింది. "గుంటని నీతోటి తీసుకెల్లు. నిన్ను సూసి రాకపోయినా దీన్ని సూసి వస్తాది" అంది. అంత నోరు చేసుకున్న మనిషి కోడలిని తీసుకురమ్మని ఆ ఒక్క మాటతోనే చెప్పింది. చిన్నాన్న తలూపి ఎడ్లని అదిలించాడు. నార అమ్ముకున్నాక, ఖాళీ బండిలో గడ్డి పరిచి, పైన తాటాకు చాప గూడు కట్టి, నెల్లిమర్ల దగ్గర పిన్ని పుట్టింటికి తోలాడు.

పిన్ని రానని అనలేదు. సరేనని కూడా అనలేదు. నన్ను చూసి ఒళ్ళోకి లాక్కుని, "ఎంత సిక్కిపోయినావే" అంది. మర్నాడు పొద్దున్నే బండి దగ్గరికి వచ్చింది. రెండు చేతులతో పెద్ద వెదురుబుట్ట ఎత్తుకుని, బరువుకి నడుం వంచుకుని వచ్చింది. బుట్ట మీద పసుపు గుడ్డ కప్పి చుట్టూ తాడు బిగించి ఉంది. వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. వదినగారు గుమ్మంలో నిలబడి నవ్వు మొహం పెట్టింది. అన్నగారు మాత్రం ఎడ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఈసారి సారె ఘనంగానే ఇచ్చారని నేను లోపల ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నాకు అరిసెలంటే ప్రాణం.

చంపావతి ఒడ్డున ఎడ్లకి నీళ్ళు పెట్టడానికి బండి ఆపాం. అక్కడొక టీ బడ్డీ ఉండేది. దాని యజమాని ఒక రామచిలకని పెంచి దానికి "అప్పు లేదు" అనే మాట నేర్పాడు. అది వచ్చినవాళ్ళతోనూ పోయినవాళ్ళతోనూ అదే అనేది. చిన్నాన్న టీ తాగుతుంటే, పిన్ని ఏట్లోకి దిగి మొహం కడుక్కుంటూ, "ఆ బుట్టని ఎండలోంచి నీడకి జరపవే తల్లీ" అంది. బరువుంటుందని నేను పళ్ళు బిగించి, కాళ్ళు తన్నిపెట్టి ఒక్క ఊపున లాగాను. బుట్ట గాల్లోకి లేచి నా మీద పడింది. నేను వెల్లకిలా గడ్డిలో పడ్డాను. వదులైన గుడ్డ కింద ఎండుగడ్డి ఉంది. గడ్డి మీద ఒక రవికలగుడ్డ, రెండు పసుపుకొమ్ములు. అంతే, ఇంకేమీ లేదు. చెయ్యి పెట్టి అడుగుదాకా వెతికాను.

తలెత్తేసరికి పిన్ని ఎదురుగా ఉంది. మొహం మీద నీళ్ళు తుడుచుకోలేదు. కోప్పడుతుందనుకున్నాను గాని, మెల్లిగా నా పక్కన కూర్చుని గుడ్డ సరిచేసింది.

"మీ సిన్నాన్నకి సెప్పకు."

"మరి మామ్మకి?"

"ఎవులికీ సెప్పకు. సెప్తే నా మీద ఒట్టే" అని నా చెయ్యి తీసి తన నెత్తిమీద పెట్టుకుంది.

ఒట్టంటే ఆ రోజుల్లో ఆటలు కాదు. ఎవరి మీద ఒట్టేసి తప్పితే వాళ్ళు చచ్చిపోతారని మాకు గట్టి నమ్మకం. ఒట్టు తప్పినందుకే చచ్చిపోయిందని మా బడిలో ఒక మేక గురించి కూడా చెప్పుకునేవాళ్ళం. బండి కదిలాక నేను ఆ ఖాళీ బుట్ట పక్కనే కూర్చున్నాను. ఈ బుట్టతో మా వీధిలోకి వెళ్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మామ్మ తాడు విప్పుతుంది. అందరూ వంగి చూస్తారు. ఈసారి ఏడిళ్ళు కూడా కావు. పిన్ని ఇంక ఎప్పటికీ మా ఇంట్లో ఉండదు. చెబితే చచ్చిపోతుంది, చెప్పకపోతే వెళ్ళిపోతుంది. ఈ రెంటి మధ్య నలుగుతూనే చీపురుపల్లి దాకా వచ్చాను.

చీపురుపల్లిలో స్టేషను పక్కన ఒక భోజన హోటలుండేది. గుమ్మంలో రైలుపట్టా ముక్క వేలాడదీసి, అన్నం వార్చగానే దాన్ని ఇనపకడ్డీతో వాయించేవారు. హోటలాయన వచ్చినవాళ్ళని ఊరికే కూర్చోనిచ్చేవాడు కాదు. "ఏ ఊరు? ఎవులోలు? అమ్మగోరు ఏ ఇంటి ఆడపిల్ల?" అని తవ్వి తవ్వి ఎక్కడో ఒకచోట చుట్టరికం తేల్చేవాడు. మా మామ్మ పుట్టిల్లు వాళ్ళ పెద్దమ్మ ఊరేనని తేలింది. దాంతో చిన్నాన్న ఆయనకి మావయ్యో బావో అయిపోయాడు. విస్తట్లో పప్పుపులుసు ఆరకుండా పోస్తూ, రెండో మారు అన్నం వద్దన్నవాళ్ళ మీద అలుగుతూ తిరిగాడు. పిన్ని తినలేదు. కడుపునొప్పని చెప్పి బండి దగ్గరే ఉండిపోయింది. నేను మాత్రం రెండు మార్లు పెట్టించుకున్నాను. భయం వేరు, ఆకలి వేరు.

చేతులు కడుక్కోవడానికి వెనక గోలెం దగ్గరికి వెళ్ళాం. చిన్నాన్న చెంబుతో నా చేతుల మీద నీళ్ళు పోస్తున్నాడు. అప్పుడు నా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. "సిన్నాన్నా, బుట్టలో ఏటీ నేదు. గడ్డి ఉన్నాది."

ఆయన చెంబు దించలేదు. నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. నా చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి. చెంబు ఖాళీ అయితే మళ్ళీ ముంచి పోశాడు. నా గౌను తడిసింది, కాళ్ళు తడిశాయి. మూడో చెంబు అయ్యాక, "సెయ్యి కడుక్కో" అన్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి హోటలాయనతో ఏదో మాట్లాడి, పెద్ద పొట్లం జంతికలు పట్టుకొచ్చాడు. పిన్ని ముందు గడ్డిలో పెట్టి, ఆవిడ వైపు చూడకుండా, "గుంట అడిగినాది. ఎక్కడైనా ఎట్టు" అన్నాడు. నేను అడగలేదు. పిన్ని నావైపు ఒకసారి చూసి, తాడు వదులు చేసి, పొట్లాన్ని గుడ్డ కిందకి తోసింది.

ఆ పూట నుంచి నాకు పిన్ని ప్రాణం మీద బెంగ పట్టుకుంది. తుమ్మితే ఉలిక్కిపడేదాన్ని. కునుకు తీస్తే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. "ఏటే, ఏటైనా అయినాదా?" అని ఆవిడ అడిగితే, "నీకేటీ అవనేదు కదా" అని ఏడ్చాను. ఆవిడ నవ్వి నా తల ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజుకి పిన్ని అదొక్కసారే నవ్వింది.

మర్నాడు దారిలో ఒక ఊళ్ళో సంత తగిలింది. ఆ సంతలో ఒక బెల్లం కొట్టు ముసలాయన ఉండేవాడు. కొనేవాడు ముందు కళ్ళు మూసుకుని చిన్న ముక్క చప్పరించి, అది ఏ నేల బెల్లమో చెప్పాలి. తప్పు చెబితే మంచి బెల్లం బయటికి తీసేవాడు కాదు. చిన్నాన్న చప్పరించి తెల్లమొహం వేశాడు. ముసలాయన నల్ల దిమ్మ చేతిలో పెట్టి, "ఎందుకు బాబూ బెల్లం?" అన్నాడు. "ఎడ్లకి" అన్నాడు చిన్నాన్న. బండిలోంచి పిన్ని అంతా చూస్తోంది. వాళ్ళిద్దరికీ ఇంకా మాటల్లేవు. ఏం చెప్పాలన్నా నాతోనే చెప్పించేవారు.

"ఒలే, మీ సిన్నాన్నకి సెప్పు. ఎడ్లకైతే నల్లదే తీసుకోమను. మనుషులకైతే ఆ పక్కన ఎర్రది తీసుకోమను. పాకానికి అదే వస్తాది."

నేను వెళ్ళి చెప్పాను. చిన్నాన్న కాసేపు రెండు దిమ్మలనీ చూసి, ఎర్రది తీసుకున్నాడు. తర్వాత ఒక పెద్ద సీసాడు నువ్వులనూనె తెచ్చి, బండి ఇరుసుకని చెప్పాడు. నువ్వులు తెచ్చి ఎందుకో చెప్పలేదు, ఆయనకి అబద్ధాలు అయిపోయినట్టున్నాయి. ఇరుసుకి మంచి నువ్వులనూనె పూసే మొగుడిని పిన్ని ఎగాదిగా చూసింది. పక్కకి తిరిగి పెదవి కొరుక్కుంది.

సాయంత్రానికి పొందూరు చేరాం. అక్కడ అప్పలమ్మ అని ఒక ముసలావిడ నూలు వడికేది. వాలుగ చేప దవడ ఎముకకి సన్నటి పళ్ళుంటాయి. పొందూరు ఆడవాళ్ళు దూదిని వాటితోనే దువ్వి శుభ్రం చేస్తారు. చిన్నాన్న ఎక్కడ వాలుగ దొరికినా దవడ దాచి, ఇటు వచ్చినప్పుడల్లా ఆవిడకి ఇచ్చేవాడట. మా ఇంట్లో ఎవరికీ తెలియని స్నేహం. ఆవిడ రాట్నం ఆపకుండానే, "ఏటి కూర్మన్నా, ఇన్నాళ్ళకి పెళ్ళాన్ని సూపించినావు" అంది. చిన్నాన్న ఆవిడ చెవి దగ్గర వంగి చాలాసేపు మాట్లాడాడు. అంతసేపు ఆయన మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. ముసలావిడ విని, "బియ్యం నాకాడున్నాయి, నానెయ్యండి. రోలుంది, పొయ్యుంది. నూని సేతుల్తో ఎవులైనా గడప దాటినారో, ఊరుకోను. నా నూలుకి జిడ్డంటుకుంటాది" అంది.

అందువల్ల మర్నాడంతా పిన్నీ చిన్నాన్నా పెరట్లోనే ఉండిపోయారు. నన్ను మాత్రం రెండు చేతులకీ నూలు చుట్టలు, అంటే చిలపలు, తగిలించుకుని పట్టుకోవడానికని ముసలావిడ లోపల కూర్చోబెట్టింది. రాట్నం గుయ్యిమంటుంటే, తలుపు సందులోంచి నేను పెరడు చూస్తూ కూర్చున్నాను. తడిబియ్యం దంచేది ఆడవాళ్ళే గాని మొగాడు రోకలి పట్టడం నేను అంతకుముందు చూడలేదు. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూసి నవ్వారు కూడా. చిన్నాన్న చొక్కా విప్పేసి, ఎవరేమన్నా వినకుండా దంచాడు. పిన్ని జల్లిస్తూ ఉంటే మిగిలిన నూకని మళ్ళీ దంచాడు. మధ్యాహ్నానికి ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి. నాగలి పట్టిన చేతులకి రోకలి పట్టు వేరేమో. అంతసేపూ ఇద్దరి మధ్యా మాట లేదు. పిండి ఘుమఘుమ, తర్వాత బెల్లం ఉడికే వాసన. పాకం దగ్గర గరిటె తిప్పుతూ చిన్నాన్న కూర్చున్నాడు. నీళ్ళలో వేసి ఉండ కట్టిందో లేదో చూడటం ఆయనకి తెలియదు, అడగడానికి మాటల్లేవు. పిన్ని దూరం నుంచి చూస్తోంది. నన్ను పిలిచి చెప్పిద్దామని ఇటు తిరిగింది. నేను చిలపలో ఇరుక్కుని ఉన్నాను. పాకానికి అలకలు తెలియవు కదా, క్షణం దాటితే రాయి అయిపోతుంది.

"తియ్యి, తియ్యి, దించీ! ముదిరిపోతన్నాది!" అని అరిచింది పిన్ని.

పదకొండు నెలల తర్వాత మొగుడితో ఆవిడ అన్న మొదటి మాట అది. ఆయన గబుక్కున దించాడు. వేళ్ళు కాలాయి. పిన్ని పరిగెత్తి ఆయన చెయ్యి పట్టుకుని నీళ్ళ కుండలో ముంచింది. ముంచిన చెయ్యి వెంటనే తియ్యలేదు. కాసేపటికి ఆయన, "ఆ రోజు నాను మాటాడవలిసింది" అన్నాడు. అంత చిన్న మాట తలుపు సందులోంచి నాకు ఎలా వినిపించిందో తెలియదు గాని, వినిపించింది. పిన్ని, "పిండి పొయ్యి. ఆరిపోతాది" అంది. రాట్నం గుయ్యిమనడం ఆగింది. ముసలావిడ కళ్ళు తుడుచుకుని, నన్ను చూసి, "దూది పడినాది కంట్లో" అని మళ్ళీ తిప్పింది. పొద్దు వాలేదాకా ఆయన అరిసెలు తట్టాడు, ఆవిడ వేయించింది. నూనె కారిపోయేలాగ వాటిని గరిటెలతో వత్తే పని, విరిగినవి తినే పని నాకు దొరికింది.

నాలుగో రోజు శ్రీకాకుళంలో నాగావళి దాటి, పొద్దుండగానే ఊరు చేరాం. బుట్ట దించడానికి ఈసారి చిన్నాన్న చెయ్యి వెయ్యాల్సి వచ్చింది. వీధిలో ఆడవాళ్ళంతా పోగయ్యారు. మామ్మ అరుగు దిగి వచ్చి, కోడలిని పలకరించకుండా సూటిగా బుట్ట దగ్గర కూర్చుని తాడు విప్పింది. ఒక అరిసె చేతిలోకి తీసుకుని అలాగే ఉండిపోయింది. మామ్మ అరిసె తట్టిందంటే నడిమధ్య బొటనవేలితో నొక్కి చిన్న గుంట పెడుతుంది, లోపల పచ్చిగా ఉండిపోకుండా. మా ఊళ్ళో ఇంకెవరూ అలా చెయ్యరు. ఈ అరిసెలన్నిటికీ నడుమ గుంటలున్నాయి. తల్లి పక్కన కూర్చుని చిన్నప్పుడు నేర్చుకున్నట్టే చిన్నాన్న చెయ్యి వాటిని తట్టింది, అందులో ఇబ్బంది ఉందని ఆయనకి తోచనే లేదు. మామ్మ తన బొటనవేలు ఆ గుంటలో పెట్టింది. గుంట పెద్దది, వేలు అందులో వదులుగా ఆడింది. అప్పుడు కొడుకు చేతుల వైపు చూసింది. ఆయన బొబ్బలెక్కిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పిన్ని మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను ఒట్టు తప్పిన ఫలితం ఇప్పుడు తగులుతుందని కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

పక్కింటి దాలమ్మ వంగి చూసి, "ఇదేటి, ఇయ్యి అచ్చం మీ సేతి అరిసెల్లాగే ఉన్నాయి?" అంది.

"ఉండవేటి? నా కోడలికి నాను నేర్పినాను. అది పుట్టింటికెల్లి ఆళ్ళందరికీ నేర్పీసినాది" అంది మామ్మ. అని లేచి, బుట్ట తానే నడుమ్మీద పెట్టుకుని, "రావే పైడీ, ఈ సివర్నించి మొదలెడదాం" అని కోడలి చెయ్యి పట్టుకుని వీధి చివరింటి వైపు నడిచింది. క్రితంసారి సారె అందని ఇళ్ళు అటువైపే ఉన్నాయి. ఇద్దరూ అన్ని ఇళ్ళూ తిరిగి వచ్చేసరికి బుట్టలో నాలుగు అరిసెలు, రవికలగుడ్డ మిగిలాయి. ఆ అరిసెలు ఎవరు తట్టారో మామ్మ చచ్చేదాకా ఎవరితోనూ అనలేదు. క్షమించమని కూడా ఎవరినీ అడగలేదు, అడిగే మనిషి కాదు.

ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా అట్టపెట్టెలో మిఠాయి తీసుకెళ్తున్నాం. మొన్న నేను పిన్ని దగ్గరికి తీసుకెళ్ళిందీ అదే. ఏ చెయ్యి చేసిందో తెలియదు, ఎవరి వేలి గుర్తూ ఉండదు. ఆ రోజులు గొప్పవని నేను అనను. మనసులో మాట మొగుడికి చెప్పుకోలేని ఆడది, తల్లికి ఎదురుచెప్పలేని మొగాడు, ఏడిళ్ళకీ ఎనిమిదిళ్ళకీ మనుషుల్ని తూకం వేసే వీధి, అవి మళ్ళీ రావాలని నాకు లేదు. కానీ నాలుగు రోజుల దారి ఉండబట్టి వాళ్ళిద్దరూ మధ్యలో ఎక్కడో ఒకచోట మాట కలుపుకోగలిగారు. గంటంపావులో తీసుకొచ్చేసి ఉంటే, ఖాళీ బుట్టతో దిగేవారు. చిన్నాన్న పోయి ఆరేళ్ళయింది. ఆయన నా చేతుల మీద పోసిన నీళ్ళ చల్లదనం ఇప్పటికీ తెలుస్తుంది నాకు.

పిన్ని మంచం మీద కూర్చుని మిఠాయి పెట్టె వాసన చూసి పక్కన పెట్టేసింది. ఆవిడ దగ్గరికి వెళ్తే నా భాష దానంతట అదే మారిపోతుంది. ఇంతకాలం మోసింది చాలనిపించి చెప్పేశాను.

"పిన్నీ, నీ మీద ఒట్టు తప్పినాను. సీపురుపల్లిలో సిన్నాన్నకి సెప్పీసినాను."

"తెలుసునే."

"ఆయన సెప్పినాడేటి?"

"ఆయనా? నోరిప్పితే కదా! నువ్వు సెప్పకుండా ఉండలేవని నాకు తెల్దేటి? కార్తీకమాసంలో పొద్దుటెండకి బుట్ట నీడకి జరపడమేటే, ఎర్రిదానా?"

అరవై దాటిన మనిషిని, అప్పుడు పోయిన ఊపిరి ఇప్పుడు తీసుకున్నట్టయింది. ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆవిడ నా చెయ్యి తీసుకుని నిమురుతూ, కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"ఆ హోటల్కాడ నాను బండిలో కూకున్నప్పుడు రైలొచ్చి ఆగినాది. మీ సిన్నాన్న వచ్చి ఏటీ పట్టనట్టు బండి కట్టీసుంటే, దిగిపోయి అది ఎక్కీదాన్ని."

"ఎక్కి ఎక్కడికెల్దువు పిన్నీ?"

"అదే నాకు తెల్నేదు. అందుకే కదే, నీకు సూపించినాను."